శాంతాబాయి సాక్ష్యం

"గడియ తియ్యి బిడ్డా! ప్రజ్ఞా! ఒక్కసారి గడియ తియ్యి!"

రాణి రెండు చేతులతో బాత్రూం తలుపు బాదుతోంది. లోపల కుళాయి పారుతూనే ఉంది. అంతకుముందు బకెట్ దొర్లిన చప్పుడు, దాని వెంటే మనిషి పడిన చప్పుడు వినిపించాయి. ఆ రెండో చప్పుడేమిటో రాణికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. కూతురికి బడి రోజుల నుంచి ఫిట్స్. పోయిన ఈస్టర్ తర్వాత మాత్రం ఆ చప్పుడు చిల్కానగర్‌లోని ఈ ఇంట్లో వినబడలేదు. ఇక వినబడదనే అందరూ అనుకున్నారు.

ప్రజ్ఞ తండ్రి శశిధర్ పరుగెత్తుకొచ్చి భుజంతో తలుపు తోశాడు. గడియ ఊడిపోయింది. తడి నేల మీద ప్రజ్ఞ కొట్టుకుంటోంది. డిగ్రీ చదివే పిల్ల. సాయంత్రం చుట్టాలొస్తారని నిన్ననే కనుబొమలు దిద్దించుకొచ్చింది. ఇప్పుడు కళ్లు తేలేసి, పళ్లు బిగబట్టి, ఎవరిదో ఒళ్లు తొడుక్కున్నట్టు ఉంది.

రాణి కొంగు మడిచి కూతురి తల కింద పెట్టి, పక్కకు తిప్పి పట్టుకుంది. చప్పుడు విని పక్కింటామె తాళాల గుత్తి తెచ్చింది.

"చేతిల పెట్టు రాణీ, ఇనుము తగిల్తే ఆగిపోతది."

"వద్దు వదినా. జర గాలి రానియ్యి, చాలు."

అత్తగారు శాంతాబాయి ప్రార్థన నూనె సీసాతో వచ్చింది. కోడల్ని దాటుకొని వంగి, మనుమరాలి నుదుట నూనె రాసింది. "యేసయ్యా, ముట్టుకో తండ్రీ, ముట్టుకో" అంటోంది. నుదుటి మీంచి జారి నూనె పిల్ల కంట్లో పడింది.

"కంట్ల పడ్డది అత్తమ్మా! జరగండి!"

రాణి అరుపుకు శాంతాబాయి వెనక్కి జరిగింది. ఈ ఇంటికి కోడలై వచ్చాక రాణి ఆమె మీద గొంతెత్తడం ఇదే మొదలు.

కొంతసేపటికి ప్రజ్ఞ ఒళ్లు వదులైంది. గురక లాంటి ఊపిరి మొదలైంది. అప్పుడు అందరికీ బయటి చప్పుళ్లు వినబడ్డాయి. వీధిలో షామియానా కడుతున్నారు. దేవుడు ప్రజ్ఞను బాగుచేశాడని ఈ సాయంత్రమే ఇంట్లో కృతజ్ఞత కూడిక. పాస్టరుగారు వస్తారు, సంఘమంతా వస్తుంది, ఆ తర్వాత భోజనాలు. వంటమనిషి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అతనికి కావలసింది దేవుడి చిత్తం కాదు, పొయ్యి వెలిగించాలా వద్దా అన్నది.

"ఏం జెయ్యమంటరు సార్?"

శశిధర్ తల్లి వైపు చూశాడు. శాంతాబాయి రాణి వైపు చూసింది. రాణి కూతురి నోరు తుడుస్తోంది. ఎవరూ ఏమీ చెప్పకపోయేసరికి వంటమనిషి వెళ్లి పొయ్యి వెలిగించుకున్నాడు.

* * *

నాచారంలో ప్రజ్ఞను ఎప్పుడూ చూసే డాక్టరుగారు ఇంజెక్షన్ ఇచ్చి, చేతులు కడుక్కుంటూ అడిగారు.

"గోళీలు సరిగ్గా వేసుకుంటోందా?"

"వేసుకుంటది సార్. ప్రతి నెలా నేనే తెస్త" అంది రాణి.

డాక్టరుగారు ఆ మాట పట్టించుకోకుండా ప్రజ్ఞ వైపే చూశారు. నాలుక కొరుక్కున్న పిల్ల మాట ముద్దగా వచ్చింది.

"లేదమ్మా. నేను బంద్ జేసిన."

రాణికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గోడ పట్టుకుంది.

"ఎందుకు? ఎవరు చెప్పిన్రు నీకు? నానమ్మా?"

"ఎవరు చెప్పలే." ప్రజ్ఞ కళ్లు మూసుకునే మాట్లాడింది. "నానమ్మ చర్చిల సాక్ష్యం చెప్పింది గదమ్మా. నా మనుమరాలు పూర్తిగా బాగైంది, ఇగ ఏ రోగం లేదు అని. అందరు చప్పట్లు కొట్టిన్రు. నేను ఇంటికొచ్చి గోళీ మింగితే నానమ్మ అబద్ధం చెప్పినట్టు గదా. దేవుని పేరు మీద అబద్ధం. అందుకే ఆపిన."

"నాకొక్క మాట చెప్పకపోయినవు!"

"ఇన్ని నెలలు రాలే గదమ్మా. నిజంగనే బాగైందనుకున్న."

శశిధర్ తల దించుకున్నాడు. ఆ రోజు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది అతనే.

సంఘంలో సాక్ష్యం అంటే మామూలు మాట కాదు. ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి, దేవుడు నాకు ఇది చేశాడని నలుగురి ముందు చెప్పాక, అది చెప్పిన మనిషి సొత్తు కాదు, సంఘం సొత్తు. దాన్ని తలుచుకొని ఇంకో నలుగురు ధైర్యం తెచ్చుకుంటారు. అలాంటి మాటను నిలబెట్టడానికి ఈ పిచ్చిపిల్ల తన తలను అడ్డం పెట్టింది. కోపం ఎవరి మీద చూపించాలో రాణికి తెలియలేదు.

"ఈసారి దానంతటదే ఆగింది" అన్నారు డాక్టరుగారు. "గోళీలు మానేస్తే ఆగకుండా వచ్చే ప్రమాదం ఉంది. అలా వస్తే ఇక్కడికి తేవద్దు, నేరుగా పెద్దాసుపత్రికే వెళ్లండి. సాయంత్రం నుంచి గోళీ మొదలుపెట్టాలి. మొదలుపెట్టగానే పనిచేయదు, రక్తంలోకి ఎక్కడానికి కొన్ని రోజులు పడుతుంది. అందుకే ఒక్క పూట కూడా పోగొట్టకూడదు."

* * *

"ఇయ్యాల వద్దమ్మా. కూడిక అయిపోనియ్యి."

ఇంటికొచ్చాక ప్రజ్ఞ అన్న మొదటి మాట అది. రాణి ఒక చేతిలో గోళీతో, ఇంకో చేతిలో నీళ్ల గ్లాసుతో మంచం పక్కన నిలబడి ఉంది.

"కూడికకు గోళీకి ఏం సంబంధమే?"

"నానమ్మ మళ్ల నిలబడి చెప్తది. నేను లోపల గోళీ మింగొచ్చి, బయట ఆమెన్ అనాల్నా?"

"పొద్దుగాల పడ్డవు బిడ్డా! తల పగిలేది!"

"నా విశ్వాసం తక్కువైంది, అందుకే పడ్డ. ఇప్పుడు గోళీ గూడ మింగితే ఇగ నాకు దేవుడెందుకు చేస్తడు?"

రాణి బతిమాలింది. తిట్టింది. చెంప మీద కొట్టబోయి, ఆ చేత్తోనే జుట్టు నిమిరింది. ప్రజ్ఞ గోడ వైపు తిరిగి పడుకుంది. గోళీ రాణి అరచేతి చెమటకు కరగడం మొదలుపెట్టింది. దాన్ని పారేసి, ఇంకోటి తీసి కొంగున ముడేసుకొని వంటింట్లోకి నడిచింది.

శాంతాబాయి పీట మీద కూర్చొని కొత్తిమీర వలుస్తోంది. వలిచిన కాడలు, వలవని కాడలు ఒకే గిన్నెలో పడుతున్నాయి.

"అత్తమ్మా, మీరొచ్చి చెప్పండి. మీ మాటైతేనే వింటది."

"ఏం చెప్పాలె?"

"నేను చెప్పింది తప్పు, గోళీ వేసుకో అని చెప్పండి."

శాంతాబాయి చేతులు ఆగాయి.

"దేవుడు చేసిన కార్యం చెయ్యలేదని నా నోటితోని ఎట్ల చెప్పాలె రాణీ?"

"ఏం చేసిండు?"

"రాణీ!" శశిధర్ గుమ్మంలోంచి అదిలించాడు.

"నన్ను అడగనియ్యండి. ఏం చేసిండో మీ అమ్మను చెప్పమనండి. ఉపవాసాలుంటిమి. మోకాళ్లు కాయలు కాసేదాక ప్రార్థన చేస్తిమి. ఏం చేసిండు? పొద్దుగాల తలుపు పలగ్గొట్టింది మీరు గాదా? నురగ తుడిసింది నేను గాదా? అప్పుడేడున్నడు?"

శశిధర్ నెమ్మదిగా అనమన్నట్టు చెయ్యి ఊపాడు. బయట షామియానావాళ్లు మైకు సరిచూస్తున్నారు. హలో, హలో అన్న గొంతు ఇల్లంతా తిరిగింది.

శాంతాబాయి చేతిలోని కాడను గిన్నెలో పడేసింది.

"నా మొగడు దవాఖానల ఉన్నప్పుడు అడిగిన. ఇయ్యలే. నా చిన్నకొడుకు కామెర్లతోని పోయేటప్పుడు నేల మీద పడి అడిగిన. ఇయ్యలే. ప్రతి ఆదివారం ఎవరో ఒకరు లేస్తరు, నాకిట్ల చేసిండు, అట్ల చేసిండు అంటరు. నేను స్తోత్రం అనుకుంట కూసునేదాన్ని. ముసల్దాన్నయిన, నాకు చెప్పుకునేందుకు ఒక్కటి లేకపాయె. నా మనుమరాలి దగ్గర ఒక్కసారి ఇచ్చిండు అనుకున్న రాణీ. ఆ ఒక్కటి గూడ వాపస్ ఇయ్యమంటవా?"

రాణికి ఆ ముసలామె మీద కోపం పెట్టుకోవడం కూడా చేతకాకుండా పోయింది. అత్త పక్కన కూలబడి, గిన్నెలో కలిసిపోయిన కాడలు వేరుచేయడం మొదలుపెట్టింది.

* * *

సంగతి తెలిసి పాస్టరు బుచ్చిబాబుగారు కూడిక వేళకు ముందే వచ్చారు. గోదావరి జిల్లా నుంచి వచ్చి రామంతాపూర్‌లో స్థిరపడిన మనిషి. చెడ్డవాడు కాదు. ఎవరింట్లో కష్టమొచ్చినా చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే బయల్దేరతారు.

"గోళీలు ఆపమని నేను అనలేదమ్మా" అన్నారు కూర్చుంటూనే.

"వేసుకోమని గూడ అనలేదు గదా అయ్యగారూ."

ఆయన జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకున్నారు. "లేదమ్మా. అనలేదు."

లోపలికెళ్లి ప్రజ్ఞకు నచ్చజెప్పారు. వైద్యం కూడా దేవుడిచ్చిందేనన్నారు. ప్రజ్ఞ గౌరవంగానే లేచి కూర్చుంది.

"మరి పూర్తిగా స్వస్థత అయిందని మీరు గూడ ప్రకటించిన్రు గదా అయ్యగారూ? అది పూర్తి గాదా?"

ఎన్నో ఏళ్లుగా ప్రసంగాలు చేస్తున్న మనిషి ఆ పిల్ల ప్రశ్నను అక్కడే వదిలేసి లేచారు. బయటికొచ్చి శశిధర్‌తో గొంతు తగ్గించి అన్నారు.

"జనం బయల్దేరిపోయారు. ఇప్పుడు ఆపలేం. మామూలు ప్రార్థన చేసుకుందాం. పొద్దుటి సంగతి ఎత్తొద్దు, సాక్ష్యం సంగతీ ఎత్తొద్దు. తర్వాత నిదానంగా చూసుకుందాం."

శశిధర్ వెంటనే తలాడించాడు. ఇద్దరికీ అది తేలికైన దారి. లోపల గోళీ మింగని పిల్లకు మాత్రం అందులో దారి లేదు.

"నువ్వు కూడా కాసేపు ప్రార్థనలో ఉండమ్మా" అన్నారు పాస్టరుగారు రాణితో.

"నాకు వస్తలేదు అయ్యగారూ" అంది రాణి. "పొద్దుగాల నుంచి నోరు తెరుస్తున్న. తిట్లే వస్తున్నయి."

ఆయన తప్పనలేదు. ఆమె తలమీద చెయ్యి పెట్టబోయి, ఎందుకో మానేసి బయటికి వెళ్లారు.

* * *

చీకటి పడేసరికి షామియానా కింద కుర్చీలు నిండాయి. పాటలు మొదలయ్యాయి. రాణి కూతురి మంచం దగ్గర కిటికీ పక్కనే కూర్చుంది. శాంతాబాయి ఇస్త్రీ చీర కట్టుకొని, కొంగు తలమీద కప్పుకొని గదిలోకి వచ్చి నిలబడింది. ఏదో అనాలని వచ్చింది.

అప్పుడే ఒక ఆడమనిషి చంటిపిల్లను చంకనేసుకొని లోపలికి వచ్చింది. నాచారం నుంచి వచ్చే రాజశ్రీ. సంఘంలో కొత్త.

"వందనాలమ్మా. మా హరిణికి గూడ ప్రజ్ఞక్క లెక్కనే వస్తయి. ఆ రోజు మీ సాక్ష్యం విని ఇంటికి పోయి మస్తు ఏడ్సిన. మా బిడ్డకు గూడ చేస్తడని ధైర్యమొచ్చింది."

శాంతాబాయి పిల్ల బుగ్గ ముట్టుకుంది. పిల్ల ఆమె గాజులు పట్టుకొని లాగింది.

"పొద్దుగాల మందు పొయ్యలేదమ్మా" అంది రాజశ్రీ, మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలాగా. "మీ ఇంట్ల, మీ చేతుల మీద ప్రార్థన చేయించి, ఇయ్యాల్టి నుంచి పూర్తిగ ఆపేద్దామని వచ్చిన."

రాణి లేచి నిలబడింది. శాంతాబాయి కోడలి వైపు చూడలేదు, మనుమరాలి వైపు చూడలేదు. గాజులు లాగుతున్న పిల్లనే చూస్తోంది.

బయట పాట అయిపోయింది. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టబోతున్నారు. శాంతాబాయి గాజులు విడిపించుకొని బయటికి నడిచింది. రాణి కిటికీ రెక్క పూర్తిగా తెరిచింది.

మైకు దగ్గర శాంతాబాయి కనబడగానే చప్పట్లు మోగాయి. పాస్టరుగారు వద్దన్నట్టు తల ఊపుతూనే ఆమెకు మైకు ఇచ్చారు. ఇవ్వకపోతే ఆమె లాక్కునేలా ఉంది.

"వందనాలు" అంది.

"వందనాలు" అన్నారంతా.

"నా మనుమరాలు పొద్దుగాల పడ్డది."

ఎవరో అలవాటు కొద్దీ "స్తోత్రం" అన్నారు. ఆ మాట సగంలోనే ఆగిపోయింది.

"బాత్రూంల పడ్డది. నాలిక కొరుక్కున్నది. పూర్తిగ బాగైందని మీకు చెప్పింది నేనే. దేవుడు నాతోని గట్ల చెప్పలే. కొన్ని నెలలు రాకపోయేసరికి నేనే ఆశపడి చెప్పిన. నా మాట నిలబెట్టాలని ఆ పిల్ల గోళీలు ఆపింది. తప్పు నాది. దేవునిది గాదు, పిల్లది గాదు."

శశిధర్ వెనక వరుసలో నిలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. రాజశ్రీ అప్పటికే గుమ్మం దాటి జనంలోకి వచ్చింది. పిల్లను గట్టిగా పట్టుకొని అడిగింది.

"మరి నా బిడ్డ సంగతేందమ్మా? దేవుడు చేస్తడా, చెయ్యడా?"

"నాకు తెల్వది బిడ్డా." శాంతాబాయి గొంతు మైకులో పగిలింది. "ఇంటికి పోయి మందు పొయ్యి. అడుగుడు గూడ మానకు. ఇస్తడో ఇయ్యడో నాకు తెల్వది. నాకు చానసార్లు ఇయ్యలే. ఈ మాట మీకెన్నడు చెప్పలేదు, సిగ్గయ్యి."

లోపల మంచం కిర్రుమంది. ప్రజ్ఞ లేచి కూర్చొని చెయ్యి చాపింది.

"ఇయ్యమ్మా."

రాణి కొంగు ముడి విప్పడానికి తంటాలు పడి, పళ్లతో లాగి విప్పింది. ప్రజ్ఞ గోళీ నోట్లో వేసుకొని నీళ్లు తాగింది. కూతురి గొంతు కదలడం చూశాకే రాణి మళ్లీ ఊపిరి పీల్చుకుంది. ఇంతసేపూ మోసిన బరువు దిగినట్టయి మంచం కోడు పట్టుకొని కూర్చుండిపోయింది.

శాంతాబాయి లోపలికొచ్చి మనుమరాలి కాళ్ల దగ్గర కూర్చుంది. ప్రజ్ఞ కళ్లనిండా నీళ్లు.

"నానమ్మా, అందరిల నీ ఇజ్జత్ పోయింది నా వల్ల."

"పోతే పోనియ్యే. నువ్వుంటే చాలు."

ప్రజ్ఞ నవ్వబోయింది. పెదవి ఒక పక్కకే లాగింది.

"అమ్మా, నా చెయ్యి..."

గ్లాసు మంచం మీంచి దొర్లి కింద పడింది. రాణి ఒక్క ఉదుటున కూతుర్ని పక్కకు తిప్పి పట్టుకుంది. శాంతాబాయి కాళ్లు పట్టుకుంది. ఇప్పుడే కదా మింగింది. ఇప్పుడే కదా ముసలామె నలుగురి ముందు నిజం చెప్పింది. ఇంకేం చేయాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఒళ్లు కాస్త వదులైంది. రాణి "అయిపోయింది, అయిపోయింది బిడ్డా" అంటూ ఉండగానే మళ్లీ బిగుసుకుంది.

"ఆగుతలేదు!" అని అరిచింది. "బండి! బండి తెమ్మనండి!"

శశిధర్ చెప్పుల్లేకుండా వీధిలోకి పరుగెత్తాడు. కుర్చీలు పడిన చప్పుడైంది. పాస్టరుగారు గుమ్మం దాకా వచ్చి చేతులెత్తారు. ఎత్తిన చేతులు అలాగే ఉన్నాయి. శాంతాబాయి పెదవులు కదులుతున్నాయి.

రాణి కూతురి తలను గుండెకు అదుముకుంది. బాగుచెయ్యమని అడగాలని కూడా ఆమెకు తోచలేదు. అలా అడిగే ఓపిక పొద్దుటే అయిపోయింది. కొట్టుకుంటున్న ఆ తల మీద మొహం ఆనించి, పొద్దుటి నుంచి తను మాట్లాడని దేవుడితో మొదటిసారి మాట్లాడింది.

"పోకు ప్రభువా. ఏం చెయ్యకున్న మంచిదే. నువ్వు గూడ విడిచి పోకు."

వీధి మొదట్లో బండి హారన్ మోగింది. షామియానా గుంజలు అడ్డమై అది లోపలికి రాలేకపోతోంది. రాణి చేతుల్లో ప్రజ్ఞ ఇంకా కొట్టుకుంటూనే ఉంది.